ముక్కు ఎత్తితే ఎత్తు రాదు
విమానం దింపడం గురించిన వ్యాసంలో, ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి దిగుడులో) కిందికి జారిపోతుంటే ముక్కు పైకెత్తాలి, స్పీడ్ తగ్గితే థ్రాటిల్ ఇవ్వాలి, అంటే ఇంజిన్ పవర్ పెంచాలి అని రాశారు. పెద్ద జెట్‌లకి అది సరిపోతుందేమో గానీ, సెస్నా 152 లాంటి చిన్న విమానంలో నెమ్మదిగా వస్తున్నప్పుడు దాన్నే నమ్ముకుంటే కష్టం. ముక్కెత్తగానే ఒక్క క్షణం తేలినట్టే ఉంటుంది. ఆ వెంటనే స్పీడ్ కరిగిపోయి, డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) పెరిగి, ముందుకన్నా వేగంగా దిగుతుంది. బేగంపేటలో నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే చేశాను. రన్‌వే చదునుగా అణిగిపోయినట్టు కనిపించేసరికి చెయ్యి దానంతటదే కంట్రోల్‌ని వెనక్కి లాగి ముక్కెత్తేసింది. 60 నాట్ల వేగం కాస్తా 50కి వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ గారు ఒక్క మాటా అనకుండా ముక్కు కిందికి నొక్కి, థ్రాటిల్ ముందుకు తోశారు. తిట్టినా బాగుండేది! అప్పటి నుంచి నేను ముక్కుతో స్పీడ్‌ని, పవర్‌తో దిగుడుని సర్దుకుంటాను. నిజానికి రెండూ కలిసే కదలాలి, ఒకటి మారిస్తే రెండోదీ సర్దుకోవాలి. ఇంకో మాట, మన ఎండల సంగతి వ్యాసంలో లేదు. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. మేలో 40 డిగ్రీలుంటే అక్కడి గాలి 5,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది. పల్చటి గాలిలో స్పీడ్ మీటర్‌లో అదే 60 ఉన్నా అసలు వేగం ఎక్కువ కాబట్టి నేల మీద పరుగు ఎక్కువ, దిగుడూ ఎక్కువే. అది చూసి కంగారుపడి స్పీడ్ తగ్గించకూడదు. అలాగని భద్రత కోసమంటూ ఇంకో పది నాట్లు కలిపితే, ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) దగ్గర విమానం దిగనంటూ రన్‌వే పొడవునా తేలుతూ పోతుంది.