బాబాయ్ లోతైన మౌనం

మొన్న శనివారం జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి గబగబా రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే మా ఆవిడ చెప్పే కథే చరిత్రలో నిలిచిపోతుంది.

ముందు సంగతి రెండు ముక్కల్లో. పంతొమ్మిదేళ్ళు హెచ్‌ఆర్‌లో చేశాను, మానేశాను, కోచ్ అయ్యాను. ఈ మాట అపార్ట్‌మెంట్‌లో పొక్కగానే వాచ్‌మన్ వాళ్ళబ్బాయిని లెక్కల పుస్తకంతో సహా తీసుకొచ్చేశాడు. అతని తప్పేం లేదు. మన వైపు కోచింగ్ అంటే ఎంసెట్టు, ర్యాంకు, హాస్టల్ చారు. "ఆ కోచింగ్ కాదయ్యా, మనుషుల బాగోగులు చూసే కోచింగ్" అన్నాను.

"అంటే డాక్టరా సార్?"

"కాదు."

"జాతకాలా?"

"కాదు."

పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. పిల్లాడు మాత్రం గెంతుకుంటూ వెళ్ళాడు. ఆ లెక్కన నా మొదటి క్లయింటు వాడే.

బాగోగులన్న ఈ స్పెషాలిటీ కూడా నేను ఏరుకున్నది కాదు, మిగిలింది. శిక్షణ ఇచ్చిన చోట పొద్దున లేస్తే "నీ నిచ్ ఏంటి, నీ నిచ్ ఏంటి" అని ఒకటే పోరు. లీడర్‌షిప్‌ని ఒకావిడ మొదటి రోజే పట్టుకుపోయింది. కెరీర్‌ని ఇద్దరు పంచుకున్నారు. దాంపత్యం ఒక బ్రహ్మచారి తీసుకున్నాడు. ఆఖరికి నాకు వెల్‌బీయింగ్ దక్కింది. మూడు వాయిదాల్లో ఫీజంతా కట్టించుకుని, చివరి రోజు గ్రూప్ ఫొటో అయిపోయాక, అప్పుడు చల్లగా చెప్పారు. ఈ 60 గంటల శిక్షణ కాగితంతో పని పూర్తవదట. కోచ్‌లకు గుర్తింపు ఇచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వాళ్ళ సర్టిఫికెట్లలో మొదటి మెట్టు ఏసీసీ. అది రావాలంటే ఇంకో 100 గంటలు నిజం మనుషులకు కోచింగ్ ఇవ్వాలి. కనీసం 8 మందికి. అందులో 75 గంటలకు ప్రతిఫలం తీసుకుని ఉండాలి. ఇవి కాక 10 గంటలు మెంటర్ ముందు కూర్చోవాలి. మెంటర్లు ఎవరయ్యా అంటే, మళ్ళీ వాళ్ళే. ఫీజు వేరే.

అయితే ప్రతిఫలం అంటే డబ్బే అవనక్కర్లేదు, వస్తువు ఇచ్చినా చెల్లుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని రాజమండ్రిలో ఉన్న మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. బాబాయ్ కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. "డబ్బులెక్కడివిరా, గంటకి రెండు కేజీల ఆవకాయ ఇస్తాను, మీ పిన్ని ఇప్పుడే కలిపింది" అన్నాడు. బేరం కుదిరింది. సెషన్‌లో ఉన్నంతసేపూ నన్ను అబ్బాయ్ అనకూడదని షరతు పెట్టాను. "అలాగేరా కోచ్ గారూ" అన్నాడు.

సెషన్‌కి ముందు ఐదు ప్రశ్నల పత్రం పంపాను. డబ్ల్యూహెచ్‌ఓ-5 అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు మీద 1998 నుంచీ ఉన్నదే. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, హుషారుగా ఉన్నారా, లేచేసరికి అలసట తీరుతోందా, రోజులో మనసు లాగే పనులేమైనా ఉన్నాయా, ఇంతే. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే వందకి ఎంతో వస్తుంది. 50 దాటకపోతే ఒకసారి డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్పడం కోచ్ బాధ్యత. బాబాయ్‌కి 88 వచ్చింది. సరదాకి నేనూ పూరించాను. 36.

"నాకు 88 అంటున్నావు, మరి నాకేం లోటని ఇదంతా?" అన్నాడు బాబాయ్.

"లోటు నాకు బాబాయ్. గంటలు."

సరే, శనివారం పదకొండింటికి మొదలు. ఏర్పాట్లు మాత్రం నేను దివ్యంగా చేసుకున్నాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడగ్గదిలో దిండు కింద దాచాను. ఫ్యాను టకటకమంటుందని ఆపేశాను. కళ్ళజోడులో కిటికీ వెలుతురు మెరిసి క్లయింటుకు నా కళ్ళు కనపడవని కళ్ళజోడు తీసేశాను. తెర మీద నా మొహం నాకే కనపడితే ధ్యాస చెదురుతుంది కాబట్టి అక్కడ ఒక పసుపు స్లిప్పు అంటించాను. దాని మీద "నువ్వెందుకు మాట్లాడుతున్నావు?" అని రాసి పెట్టుకున్నాను. కోచ్‌లందరికీ నేర్పే మంత్రమే ఇది. నెట్టు పోతే హెచ్చరిక వచ్చేది కూడా సరిగ్గా ఆ మూలనే అని నాకు తర్వాత తెలిసింది.

మొదటి ముప్పావుగంట బాబాయ్ ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెప్పాడు. క్లయింటే ఎక్కువ మాట్లాడాలన్నారు కదా, మాట్లాడనిచ్చాను. 11:46కి, మూడు రోజులు చెక్కి పెట్టుకున్న ప్రశ్న వదిలాను.

"ఇన్నేళ్ళు ఊళ్ళకి వెలుగిచ్చారు బాబాయ్. మీలో మీరు వెలిగించుకోవాల్సింది ఏంటి?"

అంతే. బాబాయ్ ఆగిపోయాడు.

అలా ఇలా ఆగడం కాదు. కళ్ళు అరమోడ్పు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కుడిచెయ్యి గాల్లోకి లేచి, చెవి దగ్గరికి వెళ్ళబోతూ మధ్యలో నిలబడిపోయింది. తన లోపలి గొంతు తాను వింటున్నాడన్నమాట! (చెవిలో పెన్ను క్యాప్ పెట్టుకోబోతున్నాడని పిన్ని తర్వాత చెప్పింది.) అదే క్షణంలో పక్కింటి మిక్సీ ఠక్కున ఆగిపోయింది. పై ఫ్లాట్ సీరియల్లో ఏడుస్తున్నావిడ ఏడుపు మింగేసింది. మా ఫ్రిజ్జు మూలుగు ఆపింది. నా ఒక్క ప్రశ్నకి అపార్ట్‌మెంట్ మొత్తం ఆలోచనలో పడింది.

కింద వాచ్‌మన్ కొడుకు "పోయిందీ... పోయిందీ..." అని అరుస్తున్నాడు. బంతి పోయినట్టుంది అనుకున్నాను.

మంచి ప్రశ్న వేశాక కోచ్ నోరు తెరవకూడదు. మౌనంలోనే క్లయింటు తనలోకి దిగుతాడు. ఆ మౌనాన్ని చెడగొట్టేవాడు కోచ్ కాదు, టీవీ యాంకరు అని మా ట్రైనర్ ఎన్నిసార్లు తిట్టిందో. క్లాసులో నేను పది సెకన్లు ఆగలేకపోయేవాణ్ణి. అది నా తప్పు కాదు, మా ఇంట్లో మౌనం అంటే గొడవ మొదలైందని అర్థం. అలాంటిది మొన్న ఒక నిమిషం ఆగాను. రెండు ఆగాను. నోట్‌బుక్‌లో "11:46, లోతైన మౌనం మొదలు" అని చప్పుడు కాకుండా రాసుకున్నాను.

నాలుగో నిమిషంలో బాబాయ్ నుదుటి మీద తెల్లటి గుండ్రం ఒకటి కనిపించింది. మసగ్గా, మెల్లగా తిరుగుతోంది. బాబాయ్ విభూతి పెట్టడం ఎప్పుడు మొదలెట్టాడా అనుకున్నాను. తిరుగుతోందెందుకు అని మాత్రం అనుకోలేదు. మనసు అంత పవిత్రంగా ఉంది.

ఏడో నిమిషంలో నాకు కళ్ళు చెమర్చాయి. మే నెల, ఫ్యాను లేదు, కొంత చెమట కూడా కలిసి ఉండొచ్చు. అప్పుడు ఇంకో పాఠం గుర్తొచ్చింది. క్లయింటు ఎలా కూర్చుంటే మనమూ దాదాపు అలాగే కూర్చోవాలి, అతనికి తోడున్నట్టు ఉంటుంది. మెల్లగా కుడిచెయ్యి ఎత్తాను. చెవి దగ్గరికి తీసుకెళ్ళి మధ్యలో ఆపాను. నోరు కొంచెం తెరిచాను. కళ్ళు సగం మూశాను. అలా మేమిద్దరం ఎంతసేపు ఉన్నామో! ఇంత గాఢమైన అనుబంధం మా బాబాయ్‌తో నాకు చిన్నప్పుడు గోదావరిలో ఈత నేర్పినప్పుడు కూడా లేదు.

తలుపు తెరుచుకుంది. చేతిలో నా ఫోనుతో మా ఆవిడ.

"ఏమండీ, చిన్నమావయ్యగారు ఫోన్లో ఉన్నారు."

చెయ్యి దించకుండానే, ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టి, కళ్ళతో తెర చూపించాను. బాబాయ్ ఇక్కడున్నాడు.

"ఆరుసార్లు చేశారట. తీసుకోండి."

"బాబాయ్ ఇక్కడే ఉన్నాడే!" అని గుసగుసగా అన్నాను. "చాలా లోపల ఉన్నాడు. కదపకు."

మా ఆవిడ తెర వైపు చూసింది. నన్ను చూసింది. గాల్లో ఉన్న నా చెయ్యి చూసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "మావయ్యగారూ, మీరు ఇక్కడే ఉన్నారట. మిమ్మల్ని కదపొద్దంటున్నారు" అంది. ఆ తర్వాత నాతో, "కరెంటు పోయి పావుగంటైంది" అంది.

సరిగ్గా చెప్పాలంటే పద్నాలుగు నిమిషాలు. నా దగ్గర రాసి ఉంది.

ఫోను తీసుకున్నాను. అవతల బాబాయ్ పూర్తి డ్యూటీలో ఉన్నాడు. "నీ మొహం బిగుసుకుపోగానే అనుకున్నాన్రా, సప్లై పోయిందని. మీ పిన్ని పక్షవాతం అంటుంది, కాదే, ఫీడర్ ట్రిప్పయి ఉంటుందని చెప్పా. మీ ఒక్క ఫ్లాటేనా, బ్లాకంతానా?"

"అంతా పోయింది బాబాయ్."

"ఇన్వర్టర్ లేదా?"

"ఉంది."

"మరి దాని బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్ళైంది?"

శిక్షణలో దీన్నే పవర్‌ఫుల్ క్వశ్చన్ అంటారు. మూడు వారాలుగా మా ఆవిడ అడుగుతున్నదీ ఇదే. నా దగ్గర జవాబు లేదు. బాబాయ్ మాత్రం ఆ మౌనాన్ని చెడగొట్టలేదు, ఒక్క మాట మాట్లాడకుండా ఆగాడు. అతను 60 గంటల శిక్షణ తీసుకోలేదు, మూడు వాయిదాలు కట్టలేదు.

ఆదివారం నాకు శిక్షణ ఇచ్చిన సంస్థకి మెయిల్ పెట్టాను, క్లయింటు తెర మీద ఉండి లైన్లో లేని పద్నాలుగు నిమిషాలు నా వంద గంటల్లో కలుపుకోవచ్చా అని. నిమిషంలో జవాబొచ్చింది. మీ ప్రశ్న మాకు ఎంతో ముఖ్యం అన్నారు. మెంటర్ గంటల మీద ఈ నెలాఖరు దాకా రాయితీ ఉందన్నారు. నా ప్రశ్న ఊసు ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తి, "సర్, మీ నిచ్ ఏంటి?" అంది.

నిన్న సాయంత్రం బస్సు పార్సిల్లో ఆవకాయ జాడీ వచ్చింది. గుడ్డ విప్పి చూస్తే మూడొంతుల దాకానే ఉంది. కారిపోయిందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా నూనె చుక్క లేదు. మూత కింద బాబాయ్ చేతిరాతతో ఒక చీటీ ఉంది, పాత మీటర్ రీడింగ్ కార్డు చింపి రాసింది.

"46 ని.లకు."