మహారాజశ్రీ స్టెప్నీ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ స్టెప్నీ దొరవారి దివ్యసముఖమునకు, హిమాచల్‌లోని స్పితి లోయకు పోయి వచ్చిన హైదరాబాదు మిత్రబృందం తరఫున అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరి క్షేమసమాచారం నిన్న జీపు యజమాని పంపిన లెక్కల కాగితం ద్వారా తెలిసింది. మేము ముందుగా కట్టిన డిపాజిట్టులోంచి "స్టెప్నీ టైరు, రిమ్ము, కవరు డ్యామేజీ" అన్న పద్దు కింద ఆయన చెప్పుకోదగ్గ మొత్తాన్నే మినహాయించుకొని, మిగిలింది పంపుతూ, మళ్లీ మా బండ్లలోనే ప్రయాణించగలరని చేతులు జోడించిన బొమ్మ కూడా జత చేశారు. ప్రాణం ఎప్పుడో పోయినవారిని గాయపరచడం ఏ విధంగా సాధ్యమో నాకు బోధపడలేదు. యజమానితో వాదించి లాభం లేదని తేలింది కనుక, అసలు కక్షిదారులైన తమరికే నేరుగా రాసుకుంటున్నాను.

బండి అప్పగించిన రోజున తమరి వైభవం మా కళ్లకు ఇంకా కట్టినట్టే ఉంది. జీపు వెనక తలుపు మీద, నల్లటి కవరు తొడుక్కుని, ఆ కవరు మీద మంచు శిఖరాలూ, ఒక తోడేలు తలా, కొండలు మిమ్మల్ని పిలుస్తున్నాయన్న అర్థం వచ్చే ఇంగ్లీషు అక్షరాలూ అచ్చు వేయించుకుని తమరు కొలువుదీరి ఉన్నారు. మిత్రులందరూ వంతులవారీగా తమరి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. యజమాని గారి కుర్రవాడు వీల్ స్పానర్‌తో తమరిని ఒక దెబ్బ కొట్టి, ఠంగుమన్న శబ్దం మాకందరికీ వినిపించాక, "హవా ఫుల్ హై, సాబ్" అని పూచీ పడ్డాడు. టైర్లు నాలుగూ పాతబడ్డట్టున్నాయే అని మా బావమరిది అనుమానం వెలిబుచ్చినప్పుడు యజమాని ఇచ్చిన జవాబు కూడా తమరే: "స్టెప్నీ ఉంది కదండీ, భయమెందుకు?"

దారిలో మమ్మల్ని ఏడిపించినవారు మరికొందరు లేకపోలేదు. మనాలీ దాటి, 2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోంచి నున్నటి రోడ్డు మీద బయటపడి, గ్రాంఫూ దగ్గర 505వ జాతీయ రహదారి అందుకున్న తరువాత, ఫోనులోని మ్యాపు బాతల్ అనే మజిలీ చేరడానికి చెప్పిన సమయం, ఆ యాభై కిలోమీటర్ల లోపు దూరాన్ని హెలికాప్టరులో వెళ్లేవారికి వర్తిస్తుందేమో గాని, బండరాళ్ల మీద మొదటి గేరులో పాకేవారికి వర్తించదు. వేలు పోసి కొన్న వాకీటాకీలు యాత్ర పొడవునా "టీ ఎక్కడ తాగుదాం?" అన్న ఒక్క ప్రశ్ననే అటూ ఇటూ చేరవేశాయి. నాలుగు చక్రాలనూ తిప్పే గేర్లలో 'ఫోర్ లో' ఎప్పుడు వేయాలి, 'ఫోర్ హై' ఎప్పుడు వేయాలి అని ఊరుకోకుండా ఉపన్యసించిన మిత్రుడు మొదటి వాగులోనే ఇంజను ఆపేశాడు. వీరందరినీ క్షమించాను. ప్రయాణం మొత్తం మీద క్షమించలేనిది తమరిని ఒక్కరినే.

ఛోటా దారా దాటాక, చంద్ర నది పక్కనే బూడిదరంగులో హోరెత్తుతుండగా, పదునైన రాయి ఒకటి వెనక టైరు పక్కభాగాన్ని అంగుళం మేర చీల్చింది. నడినెత్తిన మేకు దిగితే పంచర్ స్ట్రిప్ దూర్చి పని కానిచ్చుకోవచ్చు. పక్కభాగం చీలితే స్ట్రిప్ పట్టదు, కొండదారులు ఎరిగిన వారందరికీ తెలిసిన సంగతే. అయినా ఎవరికీ దిగులు కలగలేదు. ఒకరు జాకీ తీశారు, ఒకరు నట్లు వదులు చేశారు, ఒకరు వీడియో మొదలుపెట్టారు. తమరి కవరు విప్పే గౌరవం నాకు దక్కింది.

తోడేలు తల తొలగగానే లోపల చల్లారిన పూరీ ఒకటి కనబడింది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. సరే, గాలి దిగినంత మాత్రాన కొంప మునగదని రెండో బండిలోని పంపు తెచ్చి, సిగరెట్ లైటరు సాకెట్‌లో గుచ్చి, గాలి కొట్టడం ప్రారంభించాము. గాలి పలచగా ఉండే ఆ ఎత్తున పంపు కూడా ఆయాసపడుతూనే పనిచేసింది. ముల్లు మెల్లగా పదికి వచ్చింది, పదిహేనుకు వచ్చింది, అక్కడ నిలబడిపోయింది. చెవి దగ్గర పెట్టి విన్నాను. రిమ్ము తుప్పు పట్టిన చోటునుంచి, టైరు అంచు పొడవునా, తమరు తీసుకున్న ప్రతి గుక్కనూ సుయ్యిమంటూ బయటకు వదులుతున్నారు.

అప్పుడే తమరి జాతకం కూడా నా కంటబడింది. ధూళి తుడిచి చూస్తే పక్కభాగం మీద నాలుగంకెల ముద్ర: 2314. టైర్ల మీద ఇటువంటి ముద్రలో మొదటి రెండంకెలు తయారైన వారం, తరువాతి రెండంకెలు సంవత్సరం. అనగా తమరు 2014వ సంవత్సరం 23వ వారంలో అవతరించారన్నమాట. గాట్లు ఎంత కొత్తగా కనబడినా పదేళ్లు నిండిన టైరును, స్టెప్నీతో సహా, తీసిపారేయమని చాలామంది తయారీదారులే చెబుతారు. మీ గాట్లు నిజంగానే కొత్తగా ఉన్నాయి, ఉండక ఏమవుతాయి? పుట్టిన నాటినుంచి రోడ్డు మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. గాట్ల మధ్య రబ్బరు మాత్రం వెంట్రుకవాసి బీటలతో నిండిపోయి ఉంది. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

మీ వంశం సామాన్యమైనది కూడా కాదు. మోటారు కార్లు అదనపు చక్రం లేకుండానే అమ్ముడుపోతున్న కాలంలో, 1904లో, వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు ఆకులు, అంటే స్పోకులు, లేని రిమ్ముకు టైరు తొడిగి, ముందే గాలి నింపి సిద్ధంగా ఉంచి, పంచరైన చక్రం మీదే దాన్ని బిగించుకుని సాగిపోయే ఏర్పాటు చేశారు. గమనించండి: ముందే గాలి నింపి. మీ మూలపురుషుడికి ఉన్న ఏకైక అర్హత అదే, చేసిన ఏకైక పని అదే. నూట ఇరవై ఏళ్లలో మీ వంశం సాధించిన అభివృద్ధి తోడేలు బొమ్మ.

బాతల్ పరిసరాలు సుమారు 3,960 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కూడా రాదు. అందువల్ల గాలి చొరబడకుండా మూసిన వస్తువు ఏదైనా అక్కడ ఉబ్బుతుంది. వెనక సీటులో పడేసిన పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు, ముట్టుకుంటే పగిలేలా, పొట్టలు పెంచుకుని కూర్చున్నాయి. షాంపూ సీసా ఉబ్బింది, పొద్దున లేచేసరికి మా ముఖాలు ఉబ్బాయి. ఆ కొండల్లో ఉబ్బని పదార్థం మీరొక్కరే.

రెండో బండి స్టెప్నీ పెట్టుకోవచ్చు కదా అని చదువరులకు అనిపించవచ్చు. దాని చక్రానికి అయిదు బోల్టులు, మా దానికి ఆరు. అటువైపునుంచి పచ్చిబఠానీ బస్తాలతో మనాలీకి పోతున్న పికప్ డ్రైవరు ఒకాయన ఆగి, మా సభను ఒక నిమిషం చూసి, ఏమీ అడగకుండా పనిలో దిగాడు. చీలిన చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, తన పికప్ ముందుచక్రాన్ని సరిగ్గా టైరు అంచు మీదికి ఎక్కించి, రిమ్మునుంచి అంచును ఊడదీశాడు. సీటు కిందనుంచి పాత టైరు ముక్క తీసి లోపలివైపు చీలిక మీద అడ్డుపెట్టి, కొలత కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోయే పాత ట్యూబు ఒకటి దూర్చి, మా పంపుతోనే గాలి కొట్టించాడు. డబ్బు పుచ్చుకోలేదు, జంతికల పొట్లం మాత్రం పుచ్చుకున్నాడు. పోతూ పోతూ మిమ్మల్ని ఒకసారి నొక్కి చూసి, ఈ పాతిక ముప్పై కిలోల బరువును ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చారని హిందీలో అడిగాడు. మా బృందంలో ముగ్గురికి హిందీ బాగా వచ్చును, ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. అక్కడి వాగులు హిమానీనదాల కరుగునీటితో పారేవి. పొద్దున పాదం తడిపే నీరు ఎండ ముదిరాక మోకాలు దాటుతుంది. తెల్లవారుజామునే బయలుదేరండని దారి తెలిసినవాళ్లు చెప్పేది అందుకే, మేము చీకటితో లేచి బయలుదేరిందీ అందుకే. బాతల్‌కు ముందున్న వాగు దగ్గరికి చేరేటప్పటికి నీరు బండరాళ్లను దొర్లించుకుపోతున్న చప్పుడు బండిలోకే వినిపించింది. ఉద్ధృతి తగ్గేదాకా ఒడ్డున చలిలో కూర్చుని, పులిహోర చివరి మెతుకు వరకు తిని, బాతల్ ధాబాలో అడుగుపెట్టేటప్పటికి చీకటి పడింది.

చీకటిపడితే పడింది, చలివేస్తే వేసింది. చంద్రతాల్ సంగతి చెప్పు. అవును, ఇప్పుడిక నువ్వే. తమరికీ మీకూ ఇంతవరకే. ఏడాదిపాటు నేను ఈ యాత్ర కోసం సెలవులు కూడబెట్టింది 4,250 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఒక్క సరస్సు కోసం. బాతల్ దాటాక ఎడమకు తిరిగితే 14 కిలోమీటర్లు. ఒక బండి మాత్రమే పట్టే దారి, ఒకపక్క కొండ, మరోపక్క లోయ, ఎదురుగా వాహనం వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవలసిందే. ట్యూబు అతుకు మీద నడుస్తున్న బండిని, అదనపు చక్రం లేకుండా, ఆ దారిలోకి తీసుకుపోవడానికి మరునాడు పొద్దున ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే న్యాయం. రెండో బండి మాత్రం వెళ్లింది. అందులో ఖాళీగా ఉన్న రెండు చోట్ల కోసం మా బండివాళ్లు చీటీలు వేసుకున్నారు. స్టీరింగు పట్టవలసినవాడికి చీటీ కూడా లేదు కనుక నేను కుంజుం వైపు తిరిగాను.

4,551 మీటర్ల కుంజుం కనుమ మీద ఆచారం ప్రకారం అమ్మవారి గుడి చుట్టూ బండితో ప్రదక్షిణ చేశాము. వెనక తలుపు మీద ఉన్నావు కనుక ఆ పుణ్యంలో నీకూ వాటా వచ్చింది. లోసర్ మీదుగా కాజా దాకా ఉన్న దూరమంతా, ప్రతి గుంతకూ అతుకు ఊడుతుందేమోనని చెవులు రిక్కించి, ఇరవై దాటకుండా నడిపాను. అతుకు ఊడలేదు. కాజాలో సిగ్నలు అందుకోగానే వాట్సాప్ గ్రూపులో టపటపమని ఫోటోలు రాలడం మొదలైంది. ఉదయం చంద్రతాల్, మేఘం నీడలో చంద్రతాల్, పాదాలతో చంద్రతాల్, పాదాలు లేకుండా చంద్రతాల్. ఫోర్ లో ఉపన్యాసకుడు ధ్యానముద్రలో చంద్రతాల్. "నువ్వుంటే బాగుండేదిరా" అని కింద వ్యాఖ్య. నేను లేకపోవడానికి కారణం నువ్వు. నీకు పని ఇచ్చింది ఒక్కటి. ఒకే ఒక్కటి. ఇంజనులా వేడెక్కనక్కరలేదు, మిగతా నాలుగు టైర్లలా రాళ్లు తిననక్కరలేదు, వెనక తలుపు మీద గాలి పట్టుకుని ఊరికే వేలాడితే చాలు. ఆ ఒక్కటీ చేతకానప్పుడు ఆ కవరెందుకు, ఆ తోడేలెందుకు, ఆ నవాబు ఠీవి ఎందుకు?

న్యాయంగా ఒక మాట నీ పక్షాన చెప్పవలసి ఉంది, చెబుతాను. చీలిన చక్రం ఊడదీసేటప్పుడు, జాకీ జారితే ఆపు ఉండాలని, పాత డ్రైవర్లు పాటించే పద్ధతి ప్రకారం నిన్ను ఛాసిస్ కింద పడుకోబెట్టాము. ఎలాగూ వేరే పనికి రావని తేలిపోయింది కదా. గులకరాళ్ల మీద జాకీ కాలు నిజంగానే పక్కకు తప్పింది. బండి దభాలున నీ మీద వాలి ఆగింది. ఆ క్షణాన మా బావమరిది చెయ్యి చక్రం కింది నట్టు కోసం వెతుకుతూ లోపలే ఉంది. నీ రిమ్ము అంచు రెండంగుళాల మేర లోపలికి సొట్టపోయింది. వాడి చేతికి గీత కూడా పడలేదు. కాబట్టి ఆ మినహాయింపులో రిమ్ము వాటా వరకు నాకు అభ్యంతరం లేదు, అడిగితే ఇంకొంచెం ఇస్తాను. టైరు వాటా మాత్రం పైసాతో సహా నీ యజమాని నాకు తిరిగి ఇవ్వాలి. కవరు సంగతి అతని అంతరాత్మకే వదిలేశాను.

మిత్రులు అప్పుడే వచ్చే వేసవికి శింకు లా కనుమ మీదుగా లద్దాఖ్‌లోని జాన్స్కార్ పోదామని మ్యాపుల మీద గీతలు గీస్తున్నారు. అటువంటి దారులకు అనుభవజ్ఞులు రెండేసి స్టెప్నీలు వేసుకుని పోతారట, మనమూ వేసుకుందామని బావమరిది ప్రతిపాదించాడు. నేను వెంటనే బలపరిచాను. పెట్టిన షరతు ఒక్కటే: రెండింటిలో ఏ ఒక్కటీ నీకు చుట్టం కాకూడదు.

ఇట్లు,
అయిదో చక్రానికి అద్దె కట్టి నాలుగింటి మీద తిరిగొచ్చిన ప్రయాణికుడు