పాత సామాన్ల ఆటో, నా ప్రమోషన్

ప్రమోషన్ లిస్టులో పేరుండాలంటే ఇంగ్లిష్ టెస్ట్ పాసవ్వాలట. శుక్రవారం సాయంత్రం మెయిల్, సోమవారం గడువు. జపాన్‌లో రాకుటెన్ కంపెనీ ఆఫీసంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని 2010లో ప్రకటించి, పూర్తిగా అమలు చేయడానికి 2012 దాకా ఆగింది. మా హెచ్చార్‌కి అంత ఓపిక లేదు. రోజూ రాత్రి డల్లాస్ క్లయింట్‌తో నేను మాట్లాడేది ఏ భాషనుకుంటున్నారో మరి!

టెస్ట్ పెట్టేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. ఫ్యాన్ ఆపి, కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో బతిమాలి, హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నాను. చదవమన్నవి చదివాను, అడిగినవి చెప్పాను. చివర్లో ఒక కథ వినిపించి 30 సెకన్లలో సొంత మాటల్లో చెప్పమంది. ఎవరో రైల్లో గొడుగు మర్చిపోయాడు. అంతే కథ.

నేను నోరు తెరిచేలోపు కిటికీ కింద ఆటో ఆగింది. "పాత ఇనుప సామాన్లు కొంటాం! పాడైపోయిన ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు కొంటాం!" హైదరాబాద్‌లో ఆ గొంతు తెలియనివాళ్లు ఉండరు. రికార్డు చేసింది కాబట్టి దానికి దగ్గు రాదు, తడబాటు ఉండదు, మాట కోసం వెతుక్కోదు. పైగా సందు చివరి గేటెడ్ కమ్యూనిటీలోకి దాన్ని రానివ్వరు. ఆ అక్కసంతా మా కిటికీ దగ్గరే తీర్చుకుంటుంది. మ్యూట్ నొక్కుదామంటే ఈ టెస్టులో మ్యూటే లేదు. కిటికీ మూద్దామని లేస్తే హెడ్‌సెట్ వైరు ల్యాప్‌టాప్‌ని లాక్కొచ్చింది. ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఇంకో చేత్తో కిటికీ రెక్క. గాల్లో వేలాడుతూ "బాబూ, కొంచెం ముందుకు పోనీ!" అని అరిచాను. అతను డిక్కీ తెరిచి, "ఏముంది సార్, ఫ్రిజ్జా?" అన్నాడు. టైమైపోయింది. గొడుగు రైల్లోనే ఉండిపోయింది.

రిపోర్టు వచ్చింది. చదవడం: సాధారణం. జవాబులు: మాటల మధ్య విరామాలు ఎక్కువ. కథ చెప్పడం: ధారాళంగా, ఆత్మవిశ్వాసంతో ఉంది. అన్నీ కలిపితే కటాఫ్‌కి ఒక్క పాయింటు తక్కువ.

"కథ దగ్గర ఇరగదీశావ్ కదా, మిగతావి కూడా అలాగే మాట్లాడాల్సింది" అన్నాడు మా మేనేజర్. మళ్లీ రాయాలంటే వచ్చే ప్రమోషన్ల సైకిల్‌ దాకా ఆగాలట.

సాయంత్రం ఆయన దగ్గర్నుంచే ఇంకో మెసేజ్: "నాకు ఫంక్షన్ ఉంది. రాత్రి డల్లాస్ కాల్ మొత్తం నువ్వే నడిపించు."