సీలింగ్ ఫ్యాన్‌కు కొబ్బరి నూనె: ఆ మెసేజ్‌లో తప్పులివీ

"ఫ్యాన్ స్లో అయిందా? పై కప్పు జరిపి రెండు చెంచాల కొబ్బరి నూనె పోయండి. చప్పుడొస్తే డబ్ల్యూడీ-40 కొట్టండి. మెకానిక్‌తో పనే లేదు." కత్తెర ఎండలొస్తే చాలు, తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ చేతులు మారుతూ ఉంటుంది. ఇది నమ్మి బాగున్న ఫ్యాన్లు పాడుచేసుకోకండి.

"స్లో అయితే నూనె అయిపోయినట్టే." సీలింగ్ ఫ్యాన్‌లో ఉండేవి బాల్ బేరింగులు. ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి రెండు పక్కలా రేకు మూత వేసి వస్తాయి. పైనుంచి పోసిన నూనె చాలావరకు వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) మీద పడి దుమ్ము పట్టిస్తుంది, మిగతాది కింద మంచం మీద కారుతుంది. కొంచెం లోపలికి దిగినా ఉన్న గ్రీజును పలచన చేస్తుంది, అంతే.

ముందు కరెంటు తీసి రెక్కను చేత్తో తిప్పండి. చప్పుడు లేకుండా తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగితే బేరింగ్ బాగుంది, అనుమానించాల్సింది కండెన్సర్‌ను, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బాను. మామూలు ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫ్యారడ్‌ది ఉంటుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే కొనండి. మార్చేటప్పుడు స్విచ్ కట్టేస్తే చాలదు, మీటరు దగ్గరి బోర్డులో ఎంసీబీ (ఇంటి కరెంటు ఆపే మీట) దించాలి. రాత్రి అందరూ ఏసీలు వేసే వేళకే స్లో అయి, తెల్లవారుజామున మామూలుగా తిరుగుతుంటే అది ఓల్టేజీ. దానికి ఫ్యాన్ విప్పనక్కర్లేదు. చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే మాత్రం బేరింగులు మార్చాల్సిందే. నంబరు బేరింగ్ మీదే చెక్కి ఉంటుంది.

"కొబ్బరి నూనె సహజమైనది, ఏ హానీ లేదు." తలకు సరే. సుమారు 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, చలికాలంలో పలమనేరు వైపు సీసాలోనే చూడొచ్చు. మోటారు వేడికి, గాలికి వంటనూనెలు ఏవైనా క్రమంగా చిక్కబడి జిగురవుతాయి. ఆ జిగురే తర్వాత షాఫ్ట్‌ను, అంటే ఇరుసును పట్టేస్తుంది.

"చప్పుడుకు డబ్ల్యూడీ-40." ఇది 1953లో తేమను తరిమి తుప్పు ఆపడానికి తయారైన ద్రవం. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే సాల్వెంటే, అంటే జిడ్డును కరిగించే ద్రవమే. బుష్‌లో (బేరింగ్ బదులు ఇరుసు తిరిగే చిన్న లోహపు గొట్టం) ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. అందుకే కొట్టిన కొత్తలో హాయిగా తిరిగి, తర్వాత ముందుకన్నా ఎక్కువ అరుస్తుంది. పైగా మంట అంటుకునే సరుకు, తిరిగే మోటారు మీద అస్సలు కొట్టకూడదు.

"మెకానిక్ అక్కర్లేదు." టేబుల్ ఫ్యాన్‌కైతే ఈ మాట చాలావరకు నిజం, ఎందుకంటే మామూలు టేబుల్ ఫ్యాన్లలో నిజంగా నూనె అడిగే బుష్‌లే ఉంటాయి. ప్లగ్ పీకి, జాలీ విప్పండి. రెక్కను పట్టి ఉంచే నట్ చాలా ఫ్యాన్లలో ఎడమ మరది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఉల్టా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. షాఫ్ట్‌కు చుట్టుకున్న వెంట్రుకలు, నల్లటి మడ్డి పొడిగుడ్డతో తుడిచి, షాఫ్ట్ బుష్‌లోకి వెళ్లేచోట కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు వేయండి. ఫ్యాన్‌ను వెల్లకిలా వంచి, నూనె దిగేదాకా చేత్తో తిప్పుతూ ఉండండి. వెనక కప్పు విప్పి అవతలి బుష్‌కూ అంతే. అక్కడ బుష్ చుట్టూ ఫెల్ట్ (ఒత్తైన ఉన్నిలాంటి గుడ్డ) ఉంటే దానికి పట్టించండి, నూనెను దాచుకుని కొద్దికొద్దిగా అందించేది అదే. పక్కకు తిప్పే గేర్ డబ్బాకు నూనె కాదు, గ్రీజు. మిగిలిన నూనె తుడిచాకే ప్లగ్ పెట్టండి.

షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే టకటకలాడుతుంటే బుష్ అరిగిపోయింది. అప్పుడు ఎంత నూనె వేసినా లాభం లేదు, బుష్ మార్చాలి. ఆ పని మాత్రం షాపులో చేయించండి, రెండు బుష్‌లూ ఒకే వరసలో కూర్చోకపోతే షాఫ్ట్ పట్టేసి వైండింగ్ కాలుతుంది.