శెనక్కాయకు చూసే మొలక బంతికెందుకు చూడం?

మా నాయన మొలక చూడకుండా ఏనాడూ శెనక్కాయ విత్తనం వేయలేదు. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, ఎన్ని మొలిస్తే ఆ లెక్కనే విత్తనం తీసేవాడు. అదే ఇంట్లో బంతిపూల విత్తనం ప్యాకెట్ మాత్రం చింపి నేరుగా మడిలో చల్లేస్తాం. పోయినేడు మేం చేసింది అదే. పది రోజులు నీళ్లు పోస్తే మూడో వంతు కూడా లేవలేదు. మళ్లీ విత్తనం తెచ్చి నారు పోసేసరికి రెండు వారాలు పోయినాయి. నారుకు నెల, నాటినాక పూతకు ఇంకో నెలన్నర, రెండు నెలలు. దసరాకు కోయాల్సిన తోట దసరా దాటినాక విరగబూసింది. విత్తనం డబ్బు ఎంతని? మాకు పోయింది పండగ గిరాకీ.

అంగడాయన్ను అడిగితే "ప్యాకెట్ మీద మొలక శాతం ఉంది కదన్నా" అన్నాడు. ఉంది. కానీ అది పరీక్ష చేసిన రోజు శాతం. ఆ తర్వాత మే నెలంతా అనంతపురం ఎండకు రేకుల కొట్టులో మగ్గింది ఆ ప్యాకెట్. వేడి, తేమ తగిలేకొద్దీ గింజలో జీవం తగ్గిపోతాది.

అందుకే చెప్తున్నా, 20 గింజలు తీయండి. పాత పంచె గుడ్డ తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి, గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి మడవండి. టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత వదులుగా వేసి, కడవ పక్కన చల్లగా ఉంచండి. గుడ్డ ఆరనీయొద్దు, నానబెట్టొద్దు, గింజ కుళ్లిపోతాది. నాలుగైదు రోజులకు నల్ల కొసన తెల్లటి వేరు కనిపిస్తాది. వారం చూసి లెక్కపెట్టండి. 12 మొలిస్తే 60 శాతం. అంటే వెయ్యి మొక్కలు కావాలంటే దాదాపు 1,700 గింజలు పోయాల. మొలిచినవి కూడా పారేయొద్దు, ట్రేలో కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో పెట్టుకోవచ్చు.

నీళ్లలో వేసి తేలినవన్నీ పారేయమని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది. బంతి గింజ తేలికది, పైగా ఎండుతోక ఉంటాది. మంచిదైనా తేలుతాది! ఇంక శంఖుపుష్పం సంగతి వేరు. దాని పెంకు గట్టిది, మొలవకపోతే చచ్చిందని కాదు. గరుకు బండ మీద కొంచెం రుద్ది, రాత్రంతా నానబెట్టి అప్పుడు చూడండి.

ఈసారి రెండు ప్యాకెట్లు తెచ్చి వేరువేరు గుడ్డల్లో పెట్టినాం. నిన్నటికి వారం. ఒకదాంట్లో 17 మొలిచినాయి, ఇంకోదాంట్లో 9. ఆ తొమ్మిది గుడ్డ, ప్యాకెట్ రెండూ పట్టుకొని పొద్దున్నే అంగడికి పోతున్నా.