ఎయిర్‌డేల్ గారి వేసవి గుండు

తెలుగువాళ్లకి గుండు కొత్త కాదు. తిరుమలలో కొట్టించుకుంటాం, యాదగిరిగుట్టలో కొట్టించుకుంటాం, పిల్లాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయిస్తాం. ప్రతి గుండు వెనకా ఒక మొక్కు ఉంటుంది. హైదరాబాద్‌లో మాత్రం ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఏ దేవుడికీ ఏమీ మొక్కుకోని జీవులకి వరసపెట్టి గుండు కొట్టే ఆచారం ఒకటి బయల్దేరింది. దీన్ని సమ్మర్ కట్ అంటారు. బాధితుల జాబితా పెద్దదే. ఈ వ్యాసం ఎయిర్‌డేల్ టెర్రియర్ అనే కుక్క జాతి తరఫున దాఖలవుతున్న వకాల్తా.

ఎయిర్‌డేల్‌ని టెర్రియర్ల, అంటే బొరియలు తవ్వి వేటాడే కుక్కల, రాజు అంటారు. భుజం దగ్గర 23 అంగుళాల ఎత్తు, పాతిక కిలోలకి అటూ ఇటూ బరువు, గడ్డం, మీసం, వీపు మీద నల్ల జీను, కాళ్లూ తలా గోధుమ రంగు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, ఎయిర్ నది లోయలో, నీటికుక్కలనే ఆటర్లనీ ఎలుకల్నీ వేటాడటానికి ఆటర్‌హౌండ్ అనే వేటకుక్కనీ టెర్రియర్‌నీ కలిపి తయారుచేసుకున్నారు. చలి నీళ్లలో దూకాలి, ముళ్ల తుప్పల్లో దూరాలి. అందుకే పైన కొబ్బరి పీచులాంటి గరుకు జుట్టు, లోపల బూరుగు దూదిలాంటి మెత్తటి పొర. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల మధ్య సందేశాలు మోసిందీ ఈ జాతి. 1921లో అమెరికా అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ ఇంట చేరిన లాడీ బాయ్ అనే ఎయిర్‌డేల్‌కి మంత్రివర్గ సమావేశాల్లో సొంత కుర్చీ ఉండేది. మన దగ్గర లిఫ్టులో నిలబడే హక్కు కోసం 2015లో జంతు సంక్షేమ మండలి సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. అయినా ఏ అసోసియేషన్ నోటీసు బోర్డూ దాన్ని చదివిన దాఖలా కనపడదు.

ఆ లిఫ్టులోనే అసలు కథ మొదలవుతుంది. ఆరో అంతస్తు ఆంటీ ఎక్కీ ఎక్కగానే, "అయ్యో, ఇంత ఉన్ని పెట్టుకుని ఎండలకి ఎట్లా ఆగుతుందమ్మా? గుండు కొట్టించండి" అంటుంది. నాలుగో అంతస్తు అంకుల్ తన పశువైద్య జ్ఞానం కలుపుతాడు. కింద వాచ్‌మన్, "గిది కుక్కనా సార్? పొట్టేలు లెక్కుంది గదా" అని తేల్చేస్తాడు. అప్పటికి యజమాని మనసు మెత్తబడుతుంది. పన్నెండు నెలల్లో ఒక్కసారి కూడా దువ్వెన పట్టని చేతికి జాలి పుట్టుకొచ్చే ముహూర్తం అదే.

ఇక పార్లర్ ఘట్టం. అద్దాల గది, గోడ మీద బో కట్టుకున్న షిట్జూ అనే బుల్లి బొచ్చుకుక్క బొమ్మ. మెషిన్ పట్టిన కుర్రాడు పాపం ఆ షిట్జూ మీదే పని నేర్చుకున్నాడు, ఎయిర్‌డేల్‌ని చూడటం ఇదే మొదలు. "ఏం కట్ సార్?" అని అడుగుతాడు. యజమాని చాలా గంభీరంగా ఆలోచించి, "బాడీ మొత్తం జీరో కొట్టెయ్. గడ్డం మీసం మాత్రం ఉంచు, ఇన్‌స్టాలో గుర్తుపట్టాలిగా" అంటాడు. ముందు స్నానం, తర్వాత వేడిగాలి, ఆపైన మెషిన్. చంకల్లో, చెవుల వెనక జడలు కట్టిన చోట బ్లేడు పోదు. పోనివ్వకపోతే ఎలా అని కుర్రాడు నొక్కుతాడు. బ్లేడు వేడెక్కుతుంది, పొట్ట కింది పల్చటి చర్మం కాలుతుంది. గంటన్నర తర్వాత బయటికొచ్చే ప్రాణి, మెడ పైన మిలిటరీ జనరల్, మెడ కింద డ్రెస్ చేసిన కోడి. ఇంట్లో నాయనమ్మ తలుపు తీసి, "మనది కాదురా ఇది, మార్చి ఇచ్చినట్టున్నారు, వెనక్కి తీసుకుపో" అంటుంది. పిల్లలు ఏడుస్తారు. గేటు యాప్‌లో విజిటర్ ఎంట్రీ వేయలేదన్నదే తక్కువ.

రాత్రి ఏసీ పద్దెనిమిదిలో ఉంటుంది. నున్నటి గ్రానైట్ మీద నున్నటి కుక్క వణుకుతుంది. యజమానికి మళ్లీ జాలేస్తుంది. తెల్లారేసరికి ఆన్‌లైన్‌లో ఒక చొక్కా వస్తుంది. ఐపీఎల్ రోజులు కనుక, సన్‌రైజర్స్ నారింజ జెర్సీ, పాలిస్టర్. ఉక్కగా ఉందని దేవుడిచ్చిన కోటు డబ్బిచ్చి తీయించి, చలేస్తోందని పాలిస్టర్ కోటు డబ్బిచ్చి తొడిగారన్నమాట. మధ్యాహ్నం మూడింటికి ఆ పాలిస్టర్‌తోనే కిందికి తీసుకొచ్చి రీల్ తీస్తారు, నలభై డిగ్రీల ఎండలో.

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది కనుక చొక్కా విప్పితే గాలి తగిలి హాయి. కుక్కకి ఒంటిమీద అలా చెమట పట్టదు, అరికాలి మెత్తల్లో కాస్త ఊరుతుంది. మిగతా పనంతా నాలుకది, రొప్పుది. జుట్టు దానికి గొడుగు. సూటి ఎండ చర్మానికి తగలనివ్వదు. ఉక్క పెట్టేది లోపల చిక్కుకుపోయిన చచ్చిన దూది. దాన్ని తీయడానికి వారానికి మూడుసార్లు సన్న తీగల పళ్లుండే స్లిక్కర్ బ్రష్, ఆ తర్వాత సన్న పళ్ల ఇనుప దువ్వెన, మొదలు దాకా. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు లేకే ఈ గుండు.

పైన గరుకు జుట్టుకి వేరే పద్ధతుంది, స్ట్రిప్పింగ్. గొరగడం కాదు, పండిన వెంట్రుకని వేళ్లతో లాగి తీయడం. వీపు మీద చిన్న కుచ్చు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, అది వాలిన వైపుకే లాగాలి. సులువుగా చేతికొచ్చిందా, పండింది. కుక్క తల తిప్పి చూసిందా, ఇంకో రెండు వారాలు ఆగాలి. పాలుపోసుకుంటున్న వరిలో కోత మిషన్ దింపినవాణ్ని ఊరంతా ఏమంటుందో తెలుసు కదా, ఇక్కడా అంతే. ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకూడదు, జుట్టు మెత్తబడి జారుతుంది. వేళ్లకి చాక్ పొడి రాసుకోవాలి. రెండో చేత్తో చర్మం బిగువుగా పట్టాలి. మెడ వెనక మొదలుపెట్టి వీపు, పక్కలు. పొట్ట, తొడల లోపలివైపు పీకకూడదు, అక్కడ కత్తెర. కాళ్లూ గడ్డమూ తీర్చిదిద్దడమే, పీకడం లేదు. ఒక్క పూటలో అయ్యేది కాదు, వారంలో నాలుగు విడతలుగా చేసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు. మన ఊరికైతే ఒకటి మార్చి మొదట్లో, రెండోది వానలు వెళ్లాక అక్టోబర్‌లో. ముసలి కుక్కైతే, చర్మం పాడైతే మెషిన్ వాడండి, ఎవరూ కాదనరు. కనీసం అంగుళం జుట్టు ఉంచే గార్డు తగిలించి వాడండి.

జీరో కొడితే ఏమవుతుంది? గరుకు వెంట్రుక వేరు లోపలే ఉండిపోయి, మెత్తటి పొర పైకొచ్చేస్తుంది. నల్ల జీను బూడిద రంగుకి తిరుగుతుంది, గోధుమ రంగు వెలిసిపోతుంది. జూన్‌లో వాన పడగానే ఆ మెత్తటి జుట్టు నీళ్లు పీల్చి ఆరదు, చర్మం చిట్లి రసి కారుతుంది. అప్పుడు యజమాని పార్లర్‌కి ఫోన్ చేసి, నల్లరంగు వేసే ప్యాకేజీ ఉందా అని అడుగుతాడు.

ఎండ మీద నిజంగా అంత భయముంటే చేయాల్సినవి వేరే ఉన్నాయి, అన్నీ చవకే. నడక పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. తారు రోడ్డు మీద చేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాళ్లూ ఉండలేవు. కూలర్ ముందు తడి గోనెసంచి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే, జ్వరం 104 దాటితే, పొట్ట మీదా కాళ్ల మీదా మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఐసుగడ్డల్లో ముంచడం కాదు. గుండు కొట్టించిన ఉత్సాహంలో పిడుదుల మందు మర్చిపోయే మహానుభావులూ ఉన్నారు. అన్నం మానేసి, చిగుళ్లు పాలిపోతే టిక్ ఫీవర్ అనుమానించాలి. రక్తపరీక్ష చేయించాలి, పెరుగన్నం పెట్టి చూద్దామని కూర్చోకూడదు.

ఇంకో రకం మహానుభావులున్నారు. రోజుకి గంటన్నర పరుగు కావాల్సిన వేటకుక్కని రెండు గదుల ఫ్లాట్ బాల్కనీలో కట్టేస్తారు. అది సోఫా తవ్వుతుంది. లాన్‌లో పందికొక్కు బొక్క కనిపిస్తే నడుం లోతు గొయ్యి తీస్తుంది. తీయకుండా ఎలా ఉంటుంది, తవ్వడానికే పుట్టిన రక్తమది. ఆరు నెలలు తిరక్కుండానే చల్లగా ఒక మాట చెబుతారు: "ఫామ్‌హౌస్‌కి పంపించాం, అక్కడ హ్యాపీగా ఉంది." ఏ ఫామ్‌హౌస్ అయ్యా? మొయినాబాద్ దాటి ఎక్కడో, ఆదివారం తప్ప మనిషి రాని చోట, బోరుమోటరు పక్కన గొలుసు. నీళ్ల గిన్నెలో నాచు. చెవుల నిండా గింజల్లా పిడుదులు. గడ్డం జడకట్టి గొలుసులో ఇరుక్కుని ఉంటుంది. దానికి పేరు పెట్టారు మీరు, పుట్టినరోజు కేకు కోశారు మీరు. మనుషుల పక్కన తప్ప ఎక్కడా ఉండలేని జాతి అది. గేటు దగ్గర ప్రతి కారు చప్పుడికీ లేచి నిలబడుతుంది. సిగ్గు లేకుండా దాన్ని హ్యాపీ అంటున్నారు. మీ ఇంట్లో మనిషిని అలా కట్టేసి వచ్చి నలుగురిలో ఆ మాట అనగలరా?

అన్నట్టు, ఆ యజమానులు ఈ మధ్య మళ్లీ కుక్కపిల్ల కోసం వెతుకుతున్నారు. ఈసారి హస్కీ అట. మంచులో బళ్లు లాగేదే కదా అంటే, "జుట్టు కొంచెం ఎక్కువేగానీ, సమ్మర్ కట్ కొట్టిస్తే సరిపోతుందట" అంటున్నారు.