గాలానికి చిక్కిన కారణాలు

కుటుంబంతో కలిసి పెద్ద నదికి చేపల వేటకు వెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగివచ్చే గృహస్థును లోకం చులకనగా చూస్తుంది. ఎదురైన ప్రతివాడూ బుట్టలోకి తొంగిచూసి జాలిగా నవ్వుతాడు. చూడవలసిన చోట చూడకపోవడం వల్ల వచ్చే నవ్వు అది. ఆ గృహస్థు నోటివైపు చూస్తే, ఆనాటి వేటలో దొరికిన కారణాలు అక్కడ నిగనిగలాడుతూ కనిపిస్తాయి. చేప ఒక్క పూటతో సరి. గట్టి కారణం పదేళ్ళు నిలవ ఉంటుంది, ఎన్నిసార్లు వాడినా తరగదు. నదీతీరాల్లో చేపల వేట పేరుతో నిజంగా జరుగుతున్నది కారణాల వేటేనని, ఆ వేటలో ఉత్త చేతులతో తిరిగివచ్చినవారు ఇంతవరకు లేరని మనవి చేయడానికే ఈ వ్యాసం.

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారని చిన్నప్పుడు అందరం విన్నాం. అందులో ఒక చేప ఎందుకు ఎండలేదనే విషయం మీద ఎంత పెద్ద విచారణ జరిగిందో కూడా అందరికీ తెలుసు. మనిషికి ఒకటి చొప్పున, ఏడుగురికీ ఏడు చేపలు ఎలా పడ్డాయన్నది మాత్రం ఎవరూ విచారించలేదు. ఒకసారి కుటుంబంతో వేటకు వెళ్ళివచ్చాక నా అనుమానమంతా ఆ లెక్క మీదే.

మేం వెళ్ళింది బంగారు తీగ కోసం. బొచ్చె, శీలావతి వంటివాటికి దగ్గరి చుట్టమైన కామన్ కార్ప్ అన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనికి సిప్రినస్ కార్పియో అని పేరు పెట్టాడు. దండయాత్రకు నాయకుడు మా బావమరిది. అతను అప్పటికి ఒక్క బంగారు తీగను కూడా పట్టలేదు. అదే అతని అర్హత. చేపను పట్టినవాడికి ఆ ఒక్క చేప సంగతే తెలుస్తుంది. పట్టనివాడికి చేపలన్నిటి సంగతీ తెలుస్తుంది. ఆరు నెలలుగా అతను ఫోనులో వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానాన్ని కారు ప్రయాణం పొడుగునా మాకు పంచాడు. మా అత్తగారు, మా ఆవిడ, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, నేను ఆ జ్ఞానంతో పాటు అతని సామాను కూడా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.

సామాను సంగతి కొంత చెప్పాలి. పన్నెండు అడుగుల గాలపు కర్రలు నాలుగు. వాటిని నిలబెట్టే స్టాండ్లు. చేప దారం లాగితే కూతపెట్టే విద్యుత్ అలారాలు నాలుగు. నిలువెత్తు మనిషి పట్టేంత చేతివల. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టిన చేపకు నేల గీసుకుని పొలుసు ఊడకుండా పడుకోబెట్టడానికి మెత్తని పరుపు. చేప ఒంటి మీది జిగురు పొర చెడితే దానికి రోగాలు వస్తాయి కాబట్టి ఆ పరుపును తడిపి ఉంచాలి, చేతులు కూడా తడుపుకుని మరీ పట్టుకోవాలి. ఇదంతా సరైన పద్ధతే, నాకు పేచీ లేదు. పేచీ మా అత్తగారికి వచ్చింది.

“ఏరా, రాబోయే చేపకు పరుపు తెచ్చావు, వచ్చిన అమ్మకు కుర్చీ తేలేదా?” అని ఆవిడ పరుపు తడపకముందే దాని మీద కూర్చున్నారు. ఆనాటికి ఆ పరుపు మీద సేదతీరిన ప్రాణి ఆవిడ ఒక్కరే.

మొదటి కారణం గాలం నీళ్ళలో పడకముందే పడింది. కట్టి సిద్ధం చేసుకున్న దారాలు ఇంట్లోనే మరిచిపోయామని తేలింది. మామూలు దారాలైతే పోనీ అనుకోవచ్చు. బంగారు తీగను పట్టేవాళ్ళు ఎరను కొక్కేనికి గుచ్చరు. కొక్కెం పక్కనుంచి సన్నని దారపు పోగు ఒకటి వేలాడదీసి, ఎరను దానికి కడతారు. కొక్కెం మాత్రం ఏమీ ఎరగనట్టు బోసిగా ఉంటుంది. ఈ చేప తిండి విషయంలో మహా అనుమానం మనిషి. దొరికినదాన్ని బురదతో సహా నోట్లోకి పీల్చుకుని, పనికొచ్చేది ఉంచుకుని మిగిలింది ఊసేస్తుంది. అలా ఊసేటప్పుడు బోసి కొక్కెం పెదవికి తగులుకుంటుంది. 1980 ప్రాంతంలో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వేటగాళ్ళు ఈ కిటుకు కనిపెట్టారు. తొలి ప్రయోగాల్లో పోగు బదులు నిజమైన తలవెంట్రుకనే వాడారట. ఆ చరిత్ర గుర్తు చేసుకుంటూ మా బావమరిది కత్తెరతో నావైపు వచ్చాడు. ఉన్న నిల్వ చూసి, మర్యాదగా వాళ్ళక్క వైపు తిరిగాడు. ఎరను వదిలేసిన చేప కంటే వేగంగా ఆవిడ వెనక్కి జరిగింది. చివరికి మా అమ్మాయి జడ బలి అయింది.

ఆ ఏర్పాటును నేను చాలాసేపు మెచ్చుకుంటూ చూశాను. ఎర ఒకచోట, కొక్కెం ఒకచోట. నదిగట్టు, చల్లగాలి, పిల్లలతో గడిపే ప్రశాంతమైన ఆదివారం అని నాకు చెప్పినప్పుడు, నాలుగు అలారాల ఖరీదు ఆ మాటకు కాస్త పక్కగా వేలాడుతూ ఉందని నేను గమనించలేదు.

ఇక పెద్ద నది పెద్ద నదే. దాన్ని చూడగానే మనిషికి దూరంగా విసరాలనిపిస్తుంది. మా బావమరిది సీసపు గుండ్లు 150 గ్రాములవి, ప్రవాహానికి కొట్టుకుపోకుండా అడుగున ఇసుకను కరుచుకునే ముళ్ళున్నవి తెచ్చాడు. వాటిని ఒళ్ళు విరుచుకుని నదికి నట్టనడుమ పడేలా విసిరాడు. అక్కడ ఒక పడవ ఉంది. అందులోవాళ్ళు ఒళ్ళు విరుచుకుని గట్టువైపు విసురుతున్నారు. ప్రవాహానికి ఎదురీదుతూ రోజంతా నిలబడటానికి చేపకేమీ పందెం లేదు. నీటి ఉరవడి తగ్గే వంపుల్లో, కూలిన చెట్ల చాటున, గట్టు కింది లోతుల్లో అది హాయిగా మేస్తుంది. అంటే మా కాళ్ళ దగ్గర. ఈ మాట మా అబ్బాయి అన్నాడు. “నీకేం తెలుసు?” అని వాళ్ళ మామయ్య అన్నాడు. నాకు తెలిసినంతలో, నిజమని తేలే ప్రమాదం ఉన్న ప్రతి మాటకూ ఆ తీరంలో ఇదే జవాబు.

తర్వాత నిశ్శబ్దం ప్రకటించారు. ఈ చేపకు వినికిడి ఎక్కువ. దాని గాలితిత్తి ఒంట్లో డోలులా అదురుతుంది; ఆ అదురును చిన్న చిన్న ఎముకల వరుస ఒకటి లోచెవికి చేరవేస్తుంది. ఆ ఎముకలను 1820లో వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త వెబర్ పేరుతోనే పిలుస్తారు. గట్టు మీద మనం మాట్లాడే మాట నీటి ఉపరితలానికి తగిలి చాలావరకు వెనక్కే వస్తుంది గాని, అడుగు గట్టిగా వేస్తే నేలగుండా నీళ్ళలోకి పోతుంది. కాబట్టి అందరం పిల్లుల్లా నడిచాం. రెండు నిమిషాలకు ఒక అలారం కూసింది. కొట్టుకొచ్చిన నాచు. నాలుగు నిమిషాలకు రెండు కూశాయి. చెట్టుకొమ్మ. మేం గుసగుసలాడుకుంటూ ఉంటే, మమ్మల్ని గుసగుసలాడమన్న యంత్రాలు సంతలో బూరల్లా మోగాయి.

మధ్యాహ్నానికి కారణాల పంట చేతికొచ్చింది. చందమామ సరైన దశలో లేడన్నాడు మా బావమరిది. గాలి ఒత్తిడి పెరిగిందన్నాడు. ఎగువన నీళ్ళు వదిలారన్నాడు. ఇలాంటివి చిన్న చేపలు. వెంటనే నీళ్ళలోకి వదిలేయవచ్చు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఆకలి మందగించింది అన్నది కాస్త బరువైనది, శాస్త్రం కూడా దానికి అడ్డం చెప్పదు. అయితే ఈ చేపకు అసలు జీర్ణాశయమే లేదు. నోట్లో పళ్ళూ లేవు. గొంతులో ఉన్న దంతాలతో నత్తగుల్లలను కూడా నలగ్గొట్టి నేరుగా పేగులోకి పంపుతుంది. పొట్ట లేని జీవి ఆకలి గురించి, పొట్ట తప్ప మరో ధ్యాస లేని జీవులు గంటసేపు చర్చించడం ఆ రోజు గట్టు మీద నేను చూసిన ఘనకార్యం.

అన్నిటిలోకి నాకు నచ్చిన కారణం “ఇవి చదువుకున్న చేపలు” అన్నది. నవ్వొద్దు. నెదర్లాండ్స్‌లో బ్యూకెమా అనే శాస్త్రవేత్త చేసి 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక్కసారి కొక్కెం రుచి చూసిన బంగారు తీగలు ఏడాది తర్వాత కూడా దానికి సులువుగా చిక్కలేదు. ఒక్క అనుభవంతో ఏడాదిపాటు బుద్ధి తెచ్చుకునే జీవిని పట్టడానికి, కిందటిసారి నడిసముద్రంలో చేపలు పట్టిస్తామన్న వారి మాట నమ్మి రోజంతా వాంతులు చేసుకున్న కుటుంబం, మూడు నెలలు తిరగకముందే మళ్ళీ బయలుదేరి వచ్చింది.

అంతలో మా అబ్బాయి ఫోనులో పాట పెట్టాడు. దాని మీద ఇంకో కారణం తగులుకుంది. బంగారు తీగ జాతికే చెందిన మూడు కోయి చేపలకు శిక్షణ ఇస్తే అవి బాక్ అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త సంగీతానికీ, అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలకూ తేడా పసిగట్టాయని 2001లో ఒక పరిశోధన వెలువడింది. “పాట దానికి నచ్చలేదా?” అని మా అమ్మాయి అడిగింది. తేడా తెలుసన్నారు గాని ఏది నచ్చిందో చెప్పలేదమ్మా అన్నాను. మా ఇంట్లో అందరికీ ఏది నచ్చుతుందో తెలుసు, తేడా మాత్రం తెలియదు.

“సరే, ఒకవేళ పడిందే అనుకో. ఏం చేస్తావు?” అని పరుపు మీది నుంచి ప్రశ్న వచ్చింది.

“ఫోటో తీసుకుని వదిలేస్తానమ్మా.”

“వదిలేయడానికా ఇంత దూరం వచ్చింది? అది వదిలేసే ఉంది కదరా ఇప్పుడు!”

ఈ వాదనకు జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు. మా వాడికి దొరికింది. పరిరక్షణ అన్నాడు. ఆ మాటకొస్తే ఈ చేప విషయంలో పెద్దల అభిప్రాయమే రెండు రకాలు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని పుట్టినచోట ముప్పు ఎదుర్కొంటున్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చింది. పరాయిచోట్లకు పాకి పాడుచేస్తున్న నూరు జీవుల పట్టికను కూడా ఆ సంఘంవాళ్ళే వేశారు. అందులోనూ అది ఉంది. 1877 నుంచి అమెరికా ప్రభుత్వమే పూనుకుని కొత్తల్లుడికి చేసినంత మర్యాదతో దాన్ని పెంచి ఊరూరా పంచిపెట్టింది; నీళ్ళు బురద చేసి మొక్కలు పెకిలిస్తోందని ఇప్పుడు దాన్ని వదిలించుకోవడానికి తంటాలు పడుతోంది. ఒకే చేప ఒక కాగితంలో దిక్కులేనిది, ఇంకో కాగితంలో దొంగది. రెండు కాగితాలూ నిజమే కాబట్టి, దాన్ని పట్టకుండా కాపాడామనీ అనవచ్చు, పట్టాలని ప్రయత్నించామనీ అనవచ్చు. కారణాలు వేటాడేవారికి ఇంతకంటే నిండిన చెరువు ఉండదు.

మూడు గంటలకు మొక్కజొన్న గింజల మీద నమ్మకం సడలింది. వానపాములు కావాలని మా అమ్మాయిని పంపాడు. మా అత్తగారిని లేపి పరుపు తడిపాడు. నాయకుడికి ఆశ ఉండాలి కదా. ఆవిడ చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నారు. పరుపు నీళ్ళోడుతూ దారికి అడ్డంగా పడి ఉంది.

అప్పుడు మూడో అలారం కూసింది. ఈసారి ఆగకుండా కూసింది. కర్ర వంగింది, చక్రం గిర్రున తిరిగింది. సరిగ్గా అదే క్షణంలో గట్టు వెనక మా అమ్మాయి కెవ్వుమని అరిచి నేల అదిరేలా గంతులు వేసింది. మా ఆవిడ అటు పరుగెత్తింది. బావమరిది అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసి, మూడో అడుగు పరుపు మీద వేశాడు. అతను లేచేసరికి దారం వదులుగా గాలికి ఊగుతోంది.

ఇరవై కిలోలకు తక్కువ ఉండదన్నాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వకూడదు కూడా. నలభై కిలోలు దాటిన బంగారు తీగలను గాలంతో పట్టినవాళ్ళు లోకంలో ఉన్నారు. పైగా చేప నీళ్ళలో దాదాపు బరువు లేకుండా తేలుతుంది. చేతికి తెలిసేది దాని లాగుడు, దానికి తోడు ప్రవాహం తోపుడు. నీటి వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. ఈ లెక్కన పెద్ద నదిలో తప్పించుకున్న చేప బరువును నిర్ణయించే అధికారం తప్పించుకోబడినవాడికే ఉండాలి. అతను కర్రను ముట్టుకోనే లేదు కదా అన్నది సాంకేతికమైన అభ్యంతరం.

విచారణ అక్కడికక్కడే మొదలైంది. చేప ఎందుకు పోయింది? కర్ర అందుకోవడం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైంది? పరుపు మీద జారాను. పరుపు దారిలో ఎందుకుంది? అమ్మ నీడకు జరుపుకుంది. “నేనెందుకు జరుపుకున్నానంటే నువ్వు కుర్చీ తేలేదు గనక,” అన్నారు అత్తగారు. ఆ శాఖ అంతటితో మూసేశారు. సరే, అమ్మాయి గంతులెందుకు వేసింది? ఆ అదురుకే చేప బెదిరి దారం తెంపి ఉంటుంది, వెబర్ ఎముకలు మరి.

“చీమ కుట్టింది మామయ్యా,” అంది అది, వేలు చూపిస్తూ.

చీమ ఎందుకు కుట్టింది?

“నువ్వే కదా తవ్వమన్నావు. అక్కడ పుట్ట ఉంది.”

అలారాలు ఆపేసి, కర్రలు వదిలేసి, ఆరుగురం వెళ్ళి ఆ పుట్ట చుట్టూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాం. మా వెనక, గట్టు వారగా, నీళ్ళలో ఏదో పెద్దది ఎగిరి దభీమని పడిన చప్పుడైంది. ఎవరూ తిరిగి చూడలేదు. చీమ ఇంకా బయటికి రాలేదు.